తలుపు తీస్తే చలవ పోతుంది

ఆ ఇంట్లో వంటగది చల్లగా ఉంటుందన్న విషయం ఇల్లు కట్టిన కొత్తలోనే తీర్మానమైపోయింది. తీర్మానం చేసినవారు సూపరింటెండెంటుగారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఒక పెద్ద ఆఫీసులో ఒక పెద్ద గదికి సూపరింటెండెంటు. పదవీ విరమణ చేశాక ఇంటికి సూపరింటెండెంటు. వంటగదిలోకి అడుగుపెట్టే అలవాటు ఆయనకు బొత్తిగా లేదు కాబట్టి ఈ విషయంలో ఆయన అభిప్రాయం పూర్తిగా నిష్పాక్షికమైనది. గడప ఇవతల నిలబడి కాఫీ గ్లాసు అందుకునేటప్పుడు ఆయనకు ఏనాడూ చెమట పట్టలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

చల్లని గదికి ఫ్యాను దండగ కనుక వంటగదికి ఫ్యాను పెట్టించలేదు. గాలికి పొయ్యి ఆరిపోతుందని కిటికీ తెరవనివ్వలేదు. పొగ పోవడానికి మేస్త్రీ గోడలో వదిలిన గుండ్రటి కంతలోంచి వానజల్లు వస్తుందని దానికి అట్టముక్క కొట్టించారు. ఇంత శ్రద్ధ తీసుకున్నాక ఏ గదైనా చల్లగా ఉండక ఏం చేస్తుంది?

ఆ గదిలోనే, పొయ్యికి చేతికందే దూరంలో, ఫ్రిజ్జుకీ సింకుకీ మధ్య ఇరుక్కున్న బల్ల మీద, కోడలి కంప్యూటరు ఉండేది.

కోడలు వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, సన్మానాలు ఏవైనా సరే, స్టూడియోవాళ్లు తీసి పంపించిన గంటలకొద్దీ గందరగోళాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, పనికిరానివి పారేసి, మిగిలినవి వరసగా పేర్చి, పాటలు కలిపి, చివరికి అన్నిటినీ ఒకే వీడియోగా తయారు చేయమని యంత్రానికి అప్పగిస్తుంది. ఆ ఆఖరి ఘట్టాన్ని రెండరింగ్ అంటారట. "అంటే ఏమిటమ్మా అది?" అని సూపరింటెండెంటుగారు ఒకసారి అడిగితే, "కోసిన ముక్కలన్నీ గిన్నెలో వేసి ఉడికించడం లాంటిదండీ మామయ్యగారూ" అని చెప్పింది. అయితే అది వంటగదిలో ఉండవలసిన వస్తువే అని ఆయనకు అప్పుడే రూఢి అయిపోయింది.

మొదట్లో దాన్ని హాల్లో పెట్టాలన్న ప్రతిపాదన లేకపోలేదు. హాల్లో సూపరింటెండెంటుగారు వార్తలు చూస్తారు. యంత్రం రొదకు దేశం ఏమైపోతోందో సరిగ్గా వినబడదు. పడగ్గదిలో ఏసీ ఉంది. ఏసీ ఉంది కాబట్టి కొడుకు అక్కడ పడుకుంటాడు. ఆఫీసులో రోజంతా అలసిపోయి వచ్చినవాడి కళ్లలో ఆ వెలుతురు పడకూడదు. ఎంత ఆలోచించినా ఆమె రోజంతా ఎక్కడ ఉంటుందో అక్కడే పెట్టడం న్యాయమని తేలింది. "నీ రాజ్యంలోనే పెట్టుకోమ్మా, అడిగేవాళ్లెవరు?" అని సూపరింటెండెంటుగారు ఉదారంగా సెలవిచ్చారు. స్త్రీ స్వాతంత్ర్యం మీద ఆయనకున్న గౌరవం అటువంటిది.

ఆ యంత్రం తరచుగా ఆగిపోయేది. పని చేస్తూ చేస్తూ దాని ఫ్యాను ఈలవేసినట్టు రొదపెట్టి, తెర నల్లబడి, చప్పుడంతా ఒక్కసారి అణిగిపోయేది. పొద్దుటి నుంచి ఉడికినదంతా గంగలో కలిసేది. కోడలు దాని పక్క రేకు విప్పి, చేత్తో తాకి, విసనకర్రతో విసిరి, మళ్లీ మొదలుపెట్టేది. "ప్రాసెసరు వేడెక్కిపోతోందండీ" అని ఇంట్లో అందరికీ విడివిడిగా చెప్పింది. అత్తగారు సానుభూతిగా, "దానికి వేడి చేసుంటుందే అమ్మాయ్. ఒంట్లో వేడి చేస్తే ఎవరికైనా అంతే, ఓ పట్టాన పని సాగదు" అన్నారు. భర్త "చూద్దాం" అన్నాడు. సూపరింటెండెంటుగారు సమస్యను పరిశీలనలో ఉంచారు. పరిశీలనలో ఉన్న సమస్యను మళ్లీ కదిలించడం మర్యాద కాదు కాబట్టి ఎవరూ కదిలించలేదు.

అంతలో పెద్దాఫీసరుగారి వీడ్కోలు సభ వచ్చిపడింది.

పెద్దాఫీసరుగారంటే కొడుకు పనిచేసే ఆఫీసులో అందరికంటే పెద్దాయన. నెలాఖరున రిటైరవుతున్నారు. హాలు దొరికింది కదా అని సభ ముందే జరిపేశారు. కొడుకు ప్రమోషన్ కాగితం ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. ఆ సంగతి గుర్తుచేయడానికి వెళ్లిన కొడుకుతో ఆయన, "ముందు ఆ వీడియో చూడనీవయ్యా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. "మా ఇంట్లోనే ఎడిటింగ్ సార్!" అని కొడుకు నోరు జారాడు. ఎన్నాళ్ల నుంచో ఎవరికీ పట్టని యంత్రం ఆ క్షణాన కుటుంబ గౌరవమైపోయింది.

ఆ సభను వీడియో తీసిన స్టూడియో యజమాని కోడలికి ఫోన్ చేసి వేరే సంగతి చెప్పాడు. "చూడమ్మా, నీ పని నాకు నచ్చుతుంది. కానీ ప్రతిసారీ మెషిన్ ఆగిపోయిందంటే నేను పార్టీకి ఏం చెప్పుకోను? ఇదొక్కటి టైముకి ఇచ్చావా, ఈ ఏడాది ఫంక్షన్లన్నీ నీకే పంపిస్తా. లేదా, ల్యాప్‌టాప్ ఉన్న ఇంకో అమ్మాయి రెడీగా ఉంది. ఇక నీ ఇష్టం."

కోడలు సరేనంది. ఆమె చేతిలో ఉన్న పని అదొక్కటే. అది పోతే ఆ బల్ల మీద కంప్యూటరు ఉండవలసిన అవసరం లేదని, అక్కడ మిక్సీ పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అని అత్తగారు అప్పటికే రెండు మూడుసార్లు అనుకోవడం ఆమె చెవిన పడింది.

పెద్దాఫీసరుగారి సభలో ఎంతమంది మాట్లాడితే అంతమందీ ఒకే మాట అన్నారు. "ఈవేళ మన ఆఫీసు ఇలా ఉందంటే అంతా తమరి చలవే!" క్యాంటీన్ చలవ, లిఫ్టు చలవ, సకాలంలో కురిసిన వర్షాల చలవ, అన్నీ ఆయన ఖాతాలోనే పడ్డాయి. ఎవరు ఆ మాట అన్నా తెర మీద పూలు కురవాలని, పూల వెనకనుంచి పెద్దాఫీసరుగారి మొహం సూర్యుడిలా పైకి రావాలని కొడుకు పట్టుబట్టాడు. అన్ని పూలు, అన్ని సూర్యోదయాలు ఏ ప్రాసెసరు తట్టుకోగలదు? సరిగ్గా "అంతా తమరి చలవే" అనే చోటికి వచ్చేసరికల్లా యంత్రం కుతకుతలాడి ఆగిపోయేది. చలవకు ఇంతగా వేడెక్కిన యంత్రాన్ని లోకం ఎరగదు.

ఇక లాభం లేదని సూపరింటెండెంటుగారు విచారణ సంఘాన్ని నియమించారు. అధ్యక్షులు వారే. సభ్యులు శ్రీమతీ, కొడుకూ. స్థలం హాలు, ఫ్యాను కింద. కోడలిని సాక్షిగా పిలిపించారు.

"యంత్రం ఎందుకు ఆగుతోందని నీ ఉద్దేశం?" అని ఆయన గంభీరంగా అడిగారు.

"పొయ్యి పక్కన ఉందండీ. గదిలో గాలి ఆడదు. ఆ వేడికి..."

"ఆగాగు. పొయ్యి పక్కన నువ్వూ ఉంటున్నావు కదా?"

"ఉంటున్నానండీ."

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా?"

"అవునండీ."

"నువ్వెప్పుడైనా ఆగిపోయావా?"

కోడలు ఆలోచించింది. "లేదండీ" అంది.

"మరి?" అన్నారు సూపరింటెండెంటుగారు, సభ్యుల వైపు తిరిగి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎందరో గుమాస్తాలను ఇదే 'మరి'తో మట్టి కరిపించిన చరిత్ర ఆయనది. శ్రీమతి మెచ్చుకోలుగా తలాడించింది. గది వేడికీ యంత్రం ఆగడానికీ ఎటువంటి సంబంధం లేదని, ఇందుకు ప్రత్యక్ష సాక్షి కోడలేనని సంఘం నమోదు చేసింది. ఇక మిగిలిన కారణం యంత్రం జబ్బే. జబ్బుకు డాక్టరు కావాలి.

ఆ పేటలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనను అందరూ డాక్టరనే పిలుస్తారు. ఆయనకూ ఆ పిలుపే ఇష్టం. చిన్న తోలు సంచితో వచ్చాడు. యంత్రం పక్క రేకు విప్పి, లోపల నూనె జిడ్డుతో అట్టలు కట్టిన దుమ్ము చూసి, నాలుక చప్పరించి, "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అన్నాడు, అచ్చం పెద్దాసుపత్రిలో అడిగినట్టు. బ్రష్షుతో దులిపాడు. ప్రాసెసరు మీద వేడిని లాగడానికి పూసే పేస్టు ఎండిపోయి ఉంటే గీకేసి, కొత్త పేస్టు బఠాణీ గింజంత వేసి, ఫ్యాను బిగించాడు. ఇంత చేసేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"కాస్త గాలి కావాలండీ," అన్నాడు.

అతిథి నోరు తెరిచి అడిగాక కాదనడం ఏం బాగుంటుంది? హాల్లోని టేబుల్ ఫ్యాను తెప్పించి ఆయన పక్కన పెట్టించారు. ఆయన కోడలి కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, యంత్రానికి పని చెప్పాడు. పూలు కురిశాయి. సూర్యుడు లేచాడు. యంత్రం కిమ్మనలేదు.

"అయిపోయిందండీ, పేస్టుదే లోపం," అని చేతులు దులుపుకుని డాక్టరు వెళ్లిపోయాడు. ఆయనతోపాటు టేబుల్ ఫ్యాను కూడా హాల్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి యంత్రం ఆగిపోయింది.

మర్నాడు మళ్లీ డాక్టరు వచ్చాడు, ఫ్యాను వచ్చింది, యంత్రం నడిచింది. వీడియో సగంలో ఉండగానే డాక్టరు వెళ్లాడు, ఫ్యాను వెళ్లింది, యంత్రం ఆగింది. ఆ మర్నాడూ అంతే. ఈ అద్భుతాన్ని గడప దగ్గర నిలబడి గమనించిన సూపరింటెండెంటుగారికి ఒక్కసారిగా విషయం బోధపడింది.

"హస్తవాసి!" అన్నారు.

"నిజమే సుమండీ," అంది శ్రీమతి. "ఆయనుంటే చాలు, అది కుదురుగా ఉంటోంది. కొంతమంది డాక్టర్లంతే, చెయ్యి పెడితే చాలు, సగం జబ్బు పోతుంది."

"ఫ్యాను ఉంటే..." అని కోడలు మొదలుపెట్టింది.

"ఫ్యాను డాక్టరుగారికమ్మా, యంత్రానికి కాదు," అని సూపరింటెండెంటుగారు ఓపికగా సర్దిచెప్పారు.

డాక్టరుకి మొదట కొంచెం మొహమాటం వేసింది. కానీ తన చేతి గొప్పదనాన్ని నలుగురూ గుర్తిస్తున్నప్పుడు కాదనడం అవతలివాళ్లను అవమానించడమే అవుతుంది. అందుచేత రోజూ దుకాణం మూసి వచ్చి, కోడలి కుర్చీలో కూర్చుని, టేబుల్ ఫ్యాను మొహానికి పెట్టుకుని, యంత్రం మీద కుడిచెయ్యి ఆనించి పేపరు చదువుకునేవాడు. కోడలు ఆయన భుజం మీదుగా వంగి ఒక చేత్తో మౌసు కదిలిస్తూ, రెండో చేత్తో వెనక పొయ్యి మీద గరిటె తిప్పేది. ఇద్దరికీ చెరో పని ఉంది కాబట్టి ఎవరూ ఎవరికీ అడ్డం అయ్యేవారు కారు. ఆయనకు గాలి తగిలేది. ఆయన చెయ్యి ఆనిన చోట యంత్రానికీ తగిలేది. అక్కడితో గాలి అయిపోయేది.

అయితే హస్తవాసిని ఎంతకాలం అట్టిపెట్టుకోగలరు? పేటలో మిగతా కంప్యూటర్లన్నీ జబ్బుపడి దిక్కులేకుండా పడి ఉన్నాయి. జనం దుకాణం తలుపు బాదుతున్నారు. డాక్టరు శాశ్వత పరిష్కారం ఒకటి సూచించి తప్పుకోజూశాడు. మామూలు ఫ్యాను తీసేసి నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు చేయాలన్నాడు. గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ ప్రాసెసరు వేడిని మోసుకుపోతాయట. కొడుకు ఫోన్లో బొమ్మలు చూసి, అన్నిటికంటే ఎక్కువ రంగు దీపాలున్నదాన్ని ఎంపిక చేశాడు.

"కాచి చల్లార్చిన నీళ్లు పోయాలా?" అని శ్రీమతి అడిగింది. యంత్రం నీళ్లు తాగుతుందంటే ఆమెకు దాని మీద మునుపటి కంటే అభిమానం పెరిగింది.

నీళ్ల యంత్రం బిగించారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలు వంతులవారీగా వెలిగాయి. పక్కింటివాళ్లొచ్చి చూసి వెళ్లారు. గదిలో ఉన్న వేడిగాలినే పీల్చుకుని, దానికి మరికాస్త వేడి జోడించి, అది మళ్లీ గదిలోకే వదిలింది. కోడలు కొంగుతో మొహం తుడుచుకుని తుడుచుకుని, చివరికి కొంగును సింకులో పిండింది. యంత్రం ఇదివరకటికంటే కాస్త ఆలస్యంగా, దీపాలన్నీ ఎర్రగా వెలిగించి, ఎంతో మర్యాదగా ఆగిపోయింది.

"ఇక గది చల్లబరచడం తప్ప దారి లేదండీ," అన్నాడు డాక్టరు.

"గది చల్లగానే ఉంది కదయ్యా!" అన్నారు సూపరింటెండెంటుగారు, తన జీవితకాలపు తీర్మానం మీదికి ఎవరో చెయ్యెత్తినట్టు.

అది సున్నితమైన ఘట్టం. సంఘం వేడివేడిగా చర్చించింది. చివరికి ఆయన అనుభవమే గట్టెక్కించింది. వంటగది మనుషులకు చల్లగానూ, యంత్రాలకు వేడిగానూ ఉండే గదిగా నిర్ణయించారు. దీంతో పాత తీర్మానానికి భంగం కలగలేదు. కొత్త చర్యకు అడ్డూ లేకపోయింది. పడగ్గదిలోని ఏసీని ఊడదీయించి వంటగదిలో పెట్టించారు.

ఏసీ ఒకపక్క చల్లబరుస్తుంటే పొయ్యి ఒకపక్క వేడెక్కించడం ఒకే ఆఫీసులో ఇద్దరు అధికారులు ఎదురెదురు ఉత్తర్వులు ఇచ్చుకోవడం లాంటిదని సూపరింటెండెంటుగారు వివరించారు. పొయ్యిని తొలగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సాయంత్రానికల్లా వంటగదిలో పొయ్యి లేదు. సూపరింటెండెంటుగారు తన జీవితంలో తొలిసారిగా ఆ గడప దాటి లోపలికి నడిచారు.

ఎంత హాయి! ఇల్లు కట్టినప్పటి నుంచీ తను చెబుతూ వచ్చింది అక్షరాలా నిజమని ఆయనకు ఒళ్లంతా తెలిసింది.

"నేనెప్పుడో చెప్పలేదూ, ఈ గది చల్లగా ఉంటుందని?" అన్నారు శ్రీమతితో.

"మీరు చెప్పారు. ఈ పిల్లే వినిపించుకోలేదు," అందావిడ, తన కుర్చీ లోపలికి జరుపుకుంటూ.

ఆయన వాలుకుర్చీ వచ్చింది. వాలుకుర్చీ వెనకే టీవీ వచ్చింది. పడగ్గదిలో ఏసీ పోయింది కాబట్టి కొడుకు ఆఫీసు నుంచి రాగానే పరుపు చుట్టుకుని అక్కడికే వచ్చేవాడు. శాశ్వత పరిష్కారం ఎలా ఉందో చూసి పోదామని డాక్టరు రోజూ వచ్చి కూర్చునేవాడు. అందరూ కడుపులో చల్ల కదలకుండా కూర్చుని దేశం సంగతులూ, ఆడవాళ్లకు ఈ రోజుల్లో ఉన్న సౌకర్యాలూ మాట్లాడుకునేవారు. వేళకు కాఫీ వచ్చేది. వేళకు భోజనం వచ్చేది. గ్లాసులు, పళ్లేలు ఎవరి చేతుల్లోకి వాళ్లకు అందేవి.

ఒక్కటే ఇబ్బంది. కోడలు పని చేసుకోవడానికని మాటిమాటికీ తలుపు తీసేది.

"తలుపు తియ్యకమ్మా, చలవ పోతుంది!" అని లోపలినుంచి అందరూ ఒక్కసారే అరిచేవారు.

"వీడియో పూర్తి చేయాలండీ. గడువు దగ్గరపడుతోంది."

"దాన్ని ఇప్పుడిప్పుడే చల్లబడనిస్తున్నాం. పని పెడితే మళ్లీ వేడెక్కుతుంది. ఇంత కష్టపడి చేసిందంతా మట్టిలో కలపాలనా?" అని సూపరింటెండెంటుగారు మందలించారు. ఆయన ఉద్యోగజీవితం నేర్పిన పాఠం అదే. పని చేయనంతవరకు ఏ విభాగమూ వేడెక్కదు. యంత్రాన్ని ఆపి ఉంచడమే అన్నిటికంటే మంచి చలవ అని సంఘం కనిపెట్టింది. దుమ్ము పడకుండా శ్రీమతి దానికి పువ్వుల గుడ్డతో తొడుగు కుట్టింది. బల్ల మొత్తాన్ని కప్పేసే తొడుగు. సూపరింటెండెంటుగారు రోజూ పొద్దున్నే దాని మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉంది" అని ప్రకటించేవారు. సభ్యులు ఊపిరి పీల్చుకునేవారు.

కోడలు యంత్రం కోసం తలుపు తియ్యడం క్రమంగా మానేసింది. పిల్లకు పరిస్థితి అర్థమైందని అందరూ సంతోషించారు.

గడువు రోజు రానే వచ్చింది. కొడుకు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే పరిగెత్తుకొచ్చాడు.

"నాన్నా, వీడియో! పెద్దాఫీసరుగారు సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూస్తానన్నారట! నా కాగితం ఇంకా సొరుగులోనే ఉంది!"

"తొందరెందుకురా? ఇన్నాళ్లు చల్లబడ్డ యంత్రం. ఇట్టే అయిపోతుంది." సూపరింటెండెంటుగారు లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, డాక్టరును ముందుకు పిలిచారు. ఇలాంటి సందర్భంలో నాలుగు మాటలు చెప్పకపోతే బాగుండదు కాబట్టి చెప్పారు. "ఒక చిన్న సమస్యను గాలికి వదిలేయకుండా, దశలవారీగా, అందరి సహకారంతో ఎలా పరిష్కరించవచ్చో ఈ కుటుంబం లోకానికి చూపించింది. ఇందులో నా గొప్పేమీ లేదు. అంతా డాక్టరుగారి చలవ."

"అబ్బే, అంతా తమరి చలవ," అన్నాడు డాక్టరు.

శ్రీమతి తొడుగు తీసింది.

తొడుగు కింద ఒక బియ్యం డబ్బా ఉంది. దాని పక్కన, తెర ఉండవలసిన చోట, గోడకు ఆనించి నిలబెట్టిన పెద్ద స్టీలు పళ్లెం ఉంది.

అందరూ డాక్టరు వైపు చూశారు. అందరూ తనవైపే చూస్తుంటే ఊరుకోవడం వృత్తిధర్మం కాదని డాక్టరు వంగి బియ్యం డబ్బా మీద చెయ్యి వేశాడు.

"చల్లగానే ఉందండీ," అన్నాడు. ఆ తర్వాత దుకాణంలో పని గుర్తొచ్చి చల్లగా జారుకున్నాడు.

"ఏమైపోయింది ఈ పిల్ల? ఏం చేసింది మెషిన్ని?" అని కొడుకు తల పట్టుకున్నాడు. సూపరింటెండెంటుగారు స్వయంగా గాలింపుకు బయలుదేరారు. హాలు ఖాళీగా ఉంది. పడగ్గది ఖాళీగా ఉంది. ఇల్లంతా ఎవరో ఖాళీ చేసి వెళ్లినట్టు నిశ్శబ్దంగా ఉంది. వెనకవైపు నుంచి మాత్రం సన్నగా ఎవరిదో ఉపన్యాసం వినిపిస్తోంది. "...ఈవేళ మన ఆఫీసు ఇలా ఉందంటే అంతా తమరి చలవే!"

వెనక వసారా. బట్టల మెషిన్ ఉండే చోటు. సూపరింటెండెంటుగారికి అక్కడ పనేమీ ఉండదు కనుక అటువైపు వచ్చి ఎన్నాళ్లైందో ఆయనకే తెలియదు. బట్టల మెషిన్ ప్లగ్గుకు కంప్యూటరు తగిలించి ఉంది. రంగు దీపాలు నిదానంగా మారుతున్నాయి. తెర మీద పూలు కురుస్తున్నాయి, సూర్యుడు లేస్తున్నాడు, యంత్రం గుక్క తిప్పుకోకుండా నడుస్తోంది. దాని పక్కనే పొయ్యి. పొయ్యి మీద గిన్నె. గిన్నెలో గరిటె. వసారాకు ఒకవైపు నుంచి వచ్చిన గాలి రెండోవైపుకు పోతోంది. కోడలు ఒక స్టూలు మీద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతోంది.

"అందిందమ్మా, పొద్దున నువ్వు పంపగానే పార్టీకి ఇచ్చేశా," అంటున్నాడు స్టూడియో యజమాని. "ఆయన అప్పుడే ఒకసారి చూసేశాడట. పూలు ఇంకాస్త ఎక్కువ ఉంటే బాగుండేదన్నాడట, అంతే. ఇక మాట మాటే. ఈ ఏడాది ఫంక్షన్లన్నీ నీకే. రేపే ఇంకో సన్మానం పంపిస్తున్నా, చూసుకో."

"పంపించండి," అంది కోడలు. ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో మామగారు.

"వీడియో ఇచ్చేశావా?" అన్నారాయన.

"ఇచ్చేశానండీ. ఇది స్టూడియోవాళ్లకు కాపీ."

"ఎప్పట్నుంచి ఉంటున్నావిక్కడ?"

"పొయ్యి తీసెయ్యమన్నారు కదండీ, ఆ రోజు నుంచి. పొయ్యితో పాటు నేనూ వచ్చేశాను. మరి అక్కడ తలుపు తియ్యనివ్వడం లేదని, మీరంతా మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు దీన్ని కూడా తెచ్చుకున్నా."

"మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండీ మామయ్యగారూ."

సూపరింటెండెంటుగారి 'మరి'కి ఎదుటివాళ్ల దగ్గర జవాబు ఉండడం అదే మొదటిసారి. చొక్కాలోకి గాలి దూరి వీపు మీద చల్లగా పాకింది. కరెంటు లేకుండా, గొట్టాలు లేకుండా, డాక్టరు చెయ్యి కూడా లేకుండా ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాలేదు. ఆయన చుట్టూ చూశారు.

"ఇక్కడ బాగానే ఉందే! సాయంత్రం నా వాలుకుర్చీ ఇటు వేయించమ్మా. టీవీ కూడా ఆ మూలకు పడుతుంది."

కోడలు గరిటె పక్కన పెట్టింది.

"కూర్చునేవాళ్లకి చోటు లేదండీ," అంది చాలా వినయంగా. "పనిచేసేవాళ్లకైతే ఉంది. అదిగో, కూరగాయలు తరిగే పీట ఖాళీగా ఉంది. వంకాయలు రెండు తరగండి, నేను ఈలోగా రేపటి సన్మానానికి టైటిల్స్ చూసుకుంటాను."

సూపరింటెండెంటుగారు పీట వైపు చూశారు. వంకాయల వైపు చూశారు. మెల్లగా వెనక్కి తిరిగి, వంటగదికి చేరుకుని, తలుపు జాగ్రత్తగా మూసి, ఆదుర్దాగా చూస్తున్న సంఘానికి నివేదిక సమర్పించారు. వీడియో తన పర్యవేక్షణలో సకాలంలో పూర్తయిందని, కొడుకు కాగితానికి ఢోకా లేదని, ఇకపోతే వెనక వసారా మనుషులు నిలబడలేనంత వేడిగా ఉందని, ఆరోగ్యం దృష్ట్యా ఎవరూ అటు వెళ్లవద్దని.

ఎవరూ వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వేళకు కాఫీ వస్తూనే ఉంది, వేళకు భోజనం వస్తూనే ఉంది.

ఇదంతా చదివి మీరు ఆ కుటుంబాన్ని చూసి నవ్వుకుంటూనే ఉండి ఉంటారు. ఏసీ పెట్టిన సాయంత్రం వంటగదిలోంచి పొయ్యి తీసేశారని మీకు అప్పుడే చెప్పాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కాఫీ వచ్చిందో, ఎన్ని భోజనాలు అయ్యాయో అవీ చెప్పాను. అవన్నీ కోడలు ఎక్కడ వండుతోందని మీలో ఎంతమంది అడిగారు? పాపం, ఆ ప్రాసెసరు ఏమైపోతుందో అని చూస్తూ కూర్చున్నారు కదూ?